సెమ్మెల్వైస్ వైద్యుని చరిత్రము

వైద్యశాస్త్ర చరిత్రమునందు దివ్యౌషధములను గనిపెట్టి కీర్తి వడసినవారు పెక్కండ్రు గలరు. తన చేతులే రోగుల ప్రాణములను దీయుచున్నవని కనిపెట్టి, యా సంగతిని లోకమునకు వెల్లడించిన వైద్యుడు మాత్రము మిక్కిలి యరుదు. అట్టివారిలో నగ్రగణ్యుడు ఇగ్నాజ్ ఫిలిప్ సెమ్మెల్వైస్. ఆయన పేరు వైద్యవిద్యార్థులకు దెలిసినదే యైనను, ఆయన పడిన పాట్లును ఆయన చేసిన పొరపాట్లును గూడ దెలిసినవారు తక్కువ.

సెమ్మెల్వైస్ 1818వ సంవత్సరము జూలై 1వ తేదీన హంగేరీ దేశమునందలి బూడా పట్టణమున జన్మించెను. తండ్రి సంబారములు మొదలగు సరకులు విక్రయించు వర్తకుడు. కుమారుడు న్యాయశాస్త్రము చదువుటకై 1837వ సంవత్సరమున వియన్నా నగరమునకు బోయి, మఱుసటి యేడే దానిని విడిచి వైద్యవిద్యలో బ్రవేశించి, 1844వ సంవత్సరమున పట్టము వడసెను. 1846వ సంవత్సరము జూలై నెలలో వియన్నా మహావైద్యశాలయందలి మొదటి ప్రసూతిశాలకు సహాయవైద్యుడుగా నియమింపబడెను. అప్పటి కాయన వయస్సు 28 సంవత్సరములు.

ఆ వైద్యశాలలో ప్రసూతిశాలలు రెండుండెను. వచ్చు గర్భిణులను దినము మార్చి దినము ఒక్కొక్కదానిలో జేర్చుకొనుచుండిరి. 1840వ సంవత్సరము చివరనుండి మొదటిదానియందు వైద్యవిద్యార్థులును, రెండవదానియందు మంత్రసానిపని నభ్యసించు స్త్రీలును శిక్షణ పొందుచుండిరి. అచ్చటికి వచ్చువారిలో బెక్కుమంది నిరుపేదలు. వివాహము లేక గర్భము ధరించి దిక్కుమాలినవారు. విద్యార్థుల శిక్షణకు దమ దేహముల నప్పగించినందుకు బదులుగా వారి కుచితముగా బురుడు పోయబడుచుండెను. శిశువులను అనాథాలయమువారు స్వీకరించుచుండిరి.

1841 మొదలు 1846 వఱకు గల యాఱు సంవత్సరములలో మొదటి ప్రసూతిశాలయందు 20,042 కాన్పులు కాగా 1,989 మంది తల్లులు చనిపోయిరి. రెండవదానియందు 17,791 కాన్పులకు 691 మంది చనిపోయిరి. అనగా మొదటిచోట నూటికి బదిమంది. రెండవచోట నూటికి నలుగురికంటె దక్కువ. నిజమునకు మొదటిచోట నష్ట మింతకంటె నెక్కువే. ఏలయన జబ్బుపడిన బాలెంతలలో గొందఱిని సాధారణరోగుల గదులకు బంపివేయుచుండుటచే వారి మరణము లీ లెక్కలో జేరలేదు. నగరమునందలి పేదస్త్రీలకు లెక్కలు తెలియకున్నను నిజము తెలియును. తమ్ము మొదటి శాలలో జేర్చబోవుచున్నారని విన్నతోడనే మోకాళ్లపై బడి బ్రతిమాలుకొనుచుండిరి. కొందఱు వైద్యశాలకు రాకమునుపే వీథిలో బ్రసవించి, శిశువును జేతబట్టుకొని వచ్చుచుండిరి. వింత యేమన, అట్లు వీథిలో బ్రసవించినవారికి పురిటిజ్వరము బహు తక్కువగా సోకుచుండెను.

పెద్దలు చెప్పిన కారణము లనేకములు. గాలిలోని దోషమనిరి, గదులు క్రిక్కిఱిసియున్నవనిరి, స్త్రీలు సిగ్గుచేతను భయముచేతను జబ్బుపడుచున్నారనిరి. విచారణసంఘ మొకటి కూర్చుండి, పరదేశపు విద్యార్థులు మోటుగా బరీక్షించుటయే కారణమని నిర్ణయించి వారి సంఖ్యను దగ్గించెను. సెమ్మెల్వైస్ ఈ కారణముల నొక్కొక్కదానినే పరిశీలించెను. రెండు శాలలకును గాలి యొక్కటియే. ఇఱుకు రెండవదానిలోనే యెక్కువ. మరణాసన్నులకు గడపటి సంస్కారము చేయవచ్చు పురోహితుని గంట మొదటి శాలలోని బాలెంతలను బెదరగొట్టుచున్నదని యనుమానింపగా, ఆ గంటను మాన్పించి యాయనను వేఱు దారిని నడిపించెను, మరణములు తగ్గలేదు. స్త్రీలను బ్రక్కకు ఒత్తిగిలబెట్టి పురుడు పోయించి చూచెను, అదియు నిష్ప్రయోజనమయ్యెను.

1847వ సంవత్సరము మార్చి నెలలో, కొన్నాళ్లు వెనీసు నగరమున విశ్రాంతి దీసికొని తిరిగి వచ్చునప్పటికి, తన మిత్రుడును న్యాయవైద్యశాస్త్రాచార్యుడును అగు కొల్లెచ్కా మృతినొందినట్లు తెలిసెను. శవపరీక్ష నేర్పుచుండగా నొక విద్యార్థి కత్తి యాయన వ్రేలికి గ్రుచ్చుకొనెను. ఆ చిన్న గాయమే ప్రాణాంతకమయ్యెను. మిత్రుని దేహమును బరీక్షించినవారి వ్రాతలను జదివి సెమ్మెల్వైస్ నివ్వెఱపడెను. అందు వర్ణింపబడిన వికారములు పురిటిజ్వరముచే జచ్చిన స్త్రీల దేహములలో దాను నిత్యము చూచుచున్నవియే. మిత్రుని రక్తములోనికి శవవిషమును గత్తి కొనిపోయెను; బాలెంతల రక్తములోనికి గొనిపోవుచున్నదేది? వైద్యులును విద్యార్థులును ప్రాతఃకాలమున శవములను గోసి, సబ్బుతో జేతులు గడుగుకొని, నేరుగా వచ్చి గర్భిణుల గర్భద్వారములను బరీక్షించుచుండిరి. సబ్బుతో గడిగినను ఆ చేతుల దుర్గంధము పోకుండెను. మంత్రసానులకన్ననో శవములతో బనిలేదు. చిక్కు విడిపోయెను.

విడిపోయిన పిమ్మట జూడగా మొదటి దోషి తానే. ఆ జ్వరమునకు గారణము గనుగొనవలెనను పట్టుదలతో నితరులకంటె నెక్కువగా శవములను బరీక్షించి, యా చేతులతోనే స్త్రీలను ముట్టినవాడు తానేగదా! వారి మేలుకై చేసిన పరిశ్రమయే వారిని జంపెను. తనవలన నకాలమున సమాధిపాలైనవా రెందఱో భగవంతునకే తెలియునని యాయన తరువాత తన గ్రంథమున మఱుగుపుచ్చక వ్రాసెను. ఆ గ్రంథము మిక్కిలి విస్తారమైనది, పునరుక్తులతో విసువు పుట్టించునది; అయినను ఆ యొక్క యంగీకారముకొఱకే దానిని జదువవచ్చును.

ఆ సంవత్సరము మే నెల నడుమ, క్లోరినుసున్నము కలిపిన నీటితో జేతులు గడుగుకొన్నగాని యెవ్వరును మొదటి శాలలోని స్త్రీలను ముట్టరాదని కట్టడి చేసెను. ఏప్రిల్ నెలలో 312 కాన్పులకు 57 మంది చనిపోయియుండిరి. జూన్ నెలలో 268 కాన్పులకు ఆఱుగురు. జూలై నెలలో 250 కాన్పులకు ముగ్గురు. నడుమ నొక యాపద వచ్చెను. అక్టోబరు నెలలో గర్భాశయమున గుళ్లిన పుండుగల స్త్రీ నొకతెను మొదటి మంచముపై బరుండబెట్టిరి. ఆమెను బరీక్షించిన పిదప తక్కినవారిని ముట్టుటకు ముందు వైద్యులు సబ్బుతోనే సరిపెట్టుకొనిరి. అప్పుడు ప్రసవించుచున్న 12 మందిలో 11 మంది మరణించిరి. శవమే కాదు, బ్రతికియున్న దేహములోని కుళ్లును విషమేయని దీనివలన గ్రహించి, యొక్కొక్క రోగిని ముట్టిన పిమ్మట జేతులు గడుగవలెనని నియమమును బిగించెను. 1848వ సంవత్సరమంతయు గలిపి 3,556 కాన్పులకు మరణములు 45 మాత్రమే. మార్చి, ఆగస్టు నెలలలో నొక్కతెయు జావలేదు.

ఇంతటి ప్రత్యక్షప్రమాణమునకు ఫలమేమి? రొకిటాన్‌స్కీ, స్కోడా, హెబ్రా యను ముగ్గురు ప్రసిద్ధ వైద్యులు పక్షము వహించిరి గాని, ప్రసూతిశాలాధికారియగు క్లైన్ అనుకూలింపలేదు. 1849వ సంవత్సరమున సెమ్మెల్వైస్ గడువు ముగియగా మఱల నుద్యోగ మియ్యలేదు. ఎదిరించినవా రందఱును మూర్ఖులనుట న్యాయము గాదు. సూక్ష్మజీవులవలన రోగములు గలుగునను జ్ఞానము వైద్యలోకమున నింకను స్థిరపడలేదు. కంటికి గానరాని లేశము మనుష్యుని జంపుననుటకు వారికి హేతువు దోపలేదు. క్రొత్త సిద్ధాంతములను విని విని విసిగినవారు గూడ నుండిరి. కాని సిద్ధాంతమును నమ్మకున్నను, పరీక్షించి చూచుటకు గావలసినది పాత్రెడు సున్నపునీరే. దాని వెల యేపాటి? హేతువు తెలిసినదాక నాగుదమన్నవారి చేతులలో దల్లులు చచ్చుచునే యుండిరి. ఇక మర్యాదస్థుడగు వైద్యుని చేతులు మలినములనుట యవమానమని కోపించినవారి మాట చెప్పనేల? అమెరికాలో 1843వ సంవత్సరముననే ఈ జ్వరము వైద్యులవలన నంటుచున్నదని వ్రాసిన ఆలివర్ వెండెల్ హోమ్సు గూడ నట్టి కోపమునకే గుఱియయ్యెను.

కీల్ నగరమునందలి ఆచార్యుడు మిఖాయెలిస్ మాత్రము నమ్మెను. నమ్మి, తాను బరీక్షించిన దగ్గఱి బంధువురా లొకతె పురిటిజ్వరముచే జచ్చుటకు దానే కారకుడనని తలంచి, యా దుఃఖమును భరింపలేక 1848వ సంవత్సరము ఆగస్టు నెలలో రైలుక్రింద బడి ప్రాణము విడిచెను. ఆయన బ్రతికి తన శాలలోని స్త్రీలను గాపాడియుండిన నెంత బాగుండెడిదోయని మనసు కలతపడును. కాని యంతరాత్మకు జడిసిన యా వైద్యుని నిందించుటకు నోరు రాదు.

1850వ సంవత్సరమున బొమ్మపై మాత్రమే పాఠము చెప్పవచ్చునను షరతుతో నుపాధ్యాయపదవి యియ్యగా, సెమ్మెల్వైస్ మిత్రులతోనైన జెప్పక వియన్నా విడిచి పెస్టు నగరమునకు బోయెను. అచ్చటి సెయింట్ రోకస్ వైద్యశాలలో 1851 మొదలు 1857 వఱకు 933 కాన్పులకు ఎనిమండుగురు మాత్రమే ఈ జ్వరముచే జనిపోయిరి. 1855వ సంవత్సరమున నా నగర విశ్వవిద్యాలయమున నాచార్యుడయ్యెను. ఇక నాయన లోపమును జెప్పక తప్పదు. మొదటి విజయమును గూర్చి పత్రికలో బ్రకటించినవాడు హెబ్రా. ఆయన స్వయముగా గలము పట్టక సంవత్సరములు గడపెను. గ్రంథము 1861వ సంవత్సరపు ముద్రతో వెలువడెను. నడుమ పదునాలు గేండ్లు! ఆ కాలమున దెలియక చంపిన వైద్యులెందఱో, తెలిసినచో బ్రతికెడి తల్లులెందఱో. గ్రంథము నాదరింపకుండుట చూచి, యాయన ప్రసిద్ధాచార్యులను బేరులు పెట్టి హంతకులని దూషించుచు బహిరంగలేఖలు ప్రకటించెను. ఆ కోపము చచ్చిన తల్లులను గూర్చిన దుఃఖమునుండి పుట్టినది. అయినను దానివలన జెవులు మూసికొన్నవారే యెక్కువ.

1865వ సంవత్సరమున నాయనకు మతి చలించెను. జూలై చివర మిత్రులు మిషపెట్టి వియన్నాలోని పిచ్చివారి శాలకు గొనిపోయిరి. బయటకు బోవ బ్రయత్నింపగా భటులు కొట్టి చీకటిగదిలో బంధించిరని తరువాతి పరిశోధకులు నిర్ణయించిరి. గాయము కుళ్లి, రక్తము విషమై, ఆగస్టు 13వ తేదీన మృతినొందెను. వయస్సు 47. రెండేండ్లకు లిస్టరు శస్త్రచికిత్సలో కార్బాలికామ్లము వాడుకను బ్రకటించెను. 1879వ సంవత్సరమున పాశ్చరు పురిటిజ్వరమునకు గారణమగు సూక్ష్మజీవిని జూపెను. 1969వ సంవత్సరమున బుడాపెస్టు వైద్యవిశ్వవిద్యాలయమునకు సెమ్మెల్వైస్ పేరు పెట్టిరి.

ఇవి యన్నియు దరువాతి మాటలు. ఆయన పోయిన వెంటనే పెస్టు ప్రసూతిశాలలో నాయన స్థానమున మఱియొక వైద్యుడు నియుక్తుడయ్యెను. తల్లుల మరణములు మఱల బలురెట్లు పెరిగెను. అందులకు గారణమేమని యా నగరపు వైద్యు లెవ్వరును నడుగలేదు.