తాళాలు చేసే పనివాని కొడుకు: జార్జ్ సైమన్ ఓమ్

మన ఫోరంలో ఎలక్ట్రికల్ లైన్‌లో పని చేసేవాళ్ళు కొద్దిమందే. కానీ కెనడా చలికాలంలో హీటరుతో, ఎక్స్‌టెన్షన్ కార్డుతో పని పడనివాళ్ళు మనలో ఎవరూ ఉండరు. ఆ రెండింటి లెక్కా ఒక బడి పంతులు కనిపెట్టిందే. మల్టీమీటరు మీద గుర్రపు నాడాలాగా కనిపించే గుర్తు ఆయన పేరుకే. ఈ ఏడాది సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

జార్జ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న, ఇప్పటి జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టారు. తండ్రి తాళాలు చేసే పనివారు. బడికి వెళ్ళి చదువుకున్నది లేకపోయినా సొంతంగా లెక్కలు నేర్చుకుని, కొడుకులు జార్జ్, మార్టిన్‌లకు ఇంట్లోనే నేర్పారు. జార్జ్‌కి పదేళ్ళప్పుడు తల్లి పోయింది.

1805లో యూనివర్సిటీలో చేరాక కుర్రవాడు డ్యాన్సులు, బిలియర్డ్స్, ఐస్ స్కేటింగుల్లో పడ్డాడు. తండ్రికి కోపం వచ్చి మూడు సెమిస్టర్లకే మాన్పించి స్విట్జర్లాండ్ పంపేశారు. అలా పరాయి దేశంలో లెక్కల మాస్టారుగా ఉద్యోగం మొదలైంది. చదువు మాత్రం వదల్లేదు. తిరిగొచ్చి 1811లో డాక్టరేట్ తీసుకున్నారు. అయినా యూనివర్సిటీలో ఎదుగుదల కనబడక, బాంబెర్గ్‌లో ఒక మామూలు బడికి వెళ్ళాల్సి వచ్చింది. 1817లో కొలోన్ హైస్కూల్లో చేరారు. అక్కడ మంచి ల్యాబ్ ఉంది. అసలు పని అక్కడే జరిగింది.

అప్పటి బ్యాటరీలు ఒక్క తీరుగా కరెంటు ఇచ్చేవి కావు. కొలత ఇప్పుడొకటి, కాసేపటికి ఇంకొకటి. అందుకని ఇంకో దారి పట్టారు. రాగి, బిస్మత్ అనే రెండు లోహాలను రెండు చోట్ల కలిపి, ఒక అతుకును మరిగే నీళ్ళ వేడిలో, రెండోదాన్ని మంచులో ఉంచారు. ఆ వేడి తేడాకి కరెంటు నిలకడగా పుట్టింది. అప్పుడు వేరువేరు పొడవుల రాగి తీగలు ఒక్కొక్కటే కలిపి, అయస్కాంత సూది ఎంత తిరుగుతుందో చూశారు. తీగ పొడవు పెరిగేకొద్దీ కరెంటు తగ్గింది. అది ఊరికే తగ్గడం కాదు, ఒక లెక్క ప్రకారం తగ్గింది. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే వచ్చేదే రెసిస్టెన్స్. ఈ సంగతి 1827లో పుస్తకంగా వేశారు.

సొంత దేశంలో పెద్దలు పట్టించుకోలేదు. ఆయన మనసు విరిగి కొలోన్ ఉద్యోగం వదిలేసి, బెర్లిన్‌లో చిన్నాచితకా పాఠాలు చెప్పుకుంటూ కొన్నేళ్ళు గడిపారు. 1833లో నూరెంబర్గ్‌లో పని దొరికింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లే మెడల్ ఇచ్చాక గానీ ఇంట్లోవాళ్ళకి విలువ తెలియలేదు. మ్యూనిక్ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ పదవి 1852లో వచ్చింది. అప్పటికి 63 ఏళ్ళు. 1854 జూలై 6న కన్నుమూశారు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సభ రెసిస్టెన్స్ కొలతకు ఆయన పేరు ఖాయం చేసింది.

ఇక మన పనికి వద్దాం. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే పవర్, అంటే వాట్లు. ఇక్కడ ప్లగ్గులో 120 వోల్టులు. 1500 వాట్ల హీటరు లాగేది 12.5 ఆంపియర్లు, దాని రెసిస్టెన్స్ 9.6 ఓమ్‌లు. మామూలు బ్రేకర్ 15 ఆంపియర్లు. ఆ లైన్లోనే కెటిల్ పెడితే ట్రిప్ అవడం బ్రేకర్ తప్పు కాదు.

ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల, 1500 వాట్ల హీటరు ఇక్కడ ఎందుకు వేడెక్కదని చాలామంది అడుగుతారు. దాని రెసిస్టెన్స్ సుమారు 35 ఓమ్‌లు. 120 వోల్టుల మీద 3.4 ఆంపియర్లే తీసుకుంటుంది. సుమారు 410 వాట్లే. ఇక్కడి హీటరుని ఊరికి తీసుకెళ్ళి పెడితే 24 ఆంపియర్లు లాగి, 5500 వాట్లతో కాలిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం కార్డు. 16 గేజ్ కార్డు 100 అడుగులు ఉంటే, వెళ్ళే తీగ, వచ్చే తీగ కలిపి 200 అడుగులు. రెసిస్టెన్స్ సుమారు 0.8 ఓమ్. కరెంటు వల్ల పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని 1840లలో జూల్ చూపించారు. 12.5ని 12.5తో, మళ్ళీ 0.8తో గుణించండి. 125 వాట్లు కార్డులోనే వేడిగా పోతాయి. కార్డు పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. చుట్ట చుట్టి కార్పెట్ కింద పెడితే ఎక్కడికి పోతుంది? పై తొడుగు మెత్తబడి, కరిగి, నిప్పు దాకా వస్తుంది. అదే 12 గేజ్ అయితే రెసిస్టెన్స్ 0.32 ఓమ్, వేడి 50 వాట్లు. గేజ్ నెంబరు తగ్గితే తీగ లావు అని గుర్తుంచుకోండి.

కాబట్టి సోదరులారా, హీటరుని వీలైనంత వరకు నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టండి. సైట్‌లో కార్డు తప్పనిసరైతే గేజ్ చూసి, చుట్ట మొత్తం విప్పి వాడండి. ప్లగ్ చేతికి వేడిగా తగిలితే వెంటనే ఆపేయండి. ట్రిప్ అవుతోందని పెద్ద బ్రేకర్ వేయించకండి, గోడ లోపలి తీగ మారదు కదా. ఆ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌దే. బేస్‌మెంట్ గదుల్లో నలుగురైదుగురు కలిసి పడుకునే మనవాళ్ళకి ఈ రెండు లెక్కలు కంఠతా వచ్చి తీరాలి.