జేమ్స్ కజిన్స్: పత్రికాలయం నుండి కళాశాలకు

ఆరు, ఏడు తరగతుల పిల్లలు గోడపత్రిక నడపడం నేడు మన పాఠశాలల్లో వింత కాదు. కొందరు వార్తలు సేకరిస్తారు. కొందరు వాటిని సరిదిద్దుతారు. చేతిరాత అందంగా ఉన్నవారు చార్టుపైకి ఎక్కిస్తారు. ఆ పిల్లల నుండి ఉపాధ్యాయుడు ఆశించవలసినది ఏమిటి? అక్షరదోషాలు లేకుండా రాయాలని, గడువులోగా ఇవ్వాలని అందరూ చెబుతారు. అంతకంటె బరువైన అపేక్షలు రెండున్నాయి. రాసినదానికి తానే బాధ్యత వహించాలి. రాయబోయేదాన్ని ముందుగా చక్కగా తెలుసుకోవాలి. మదనపల్లెలో ఉపాధ్యాయుడుగా జీవించిన ఒక ఐర్లండు కవి చరిత్రలో ఈ రెండింటి విలువా కనిపిస్తుంది. ఆయన పేరు జేమ్స్ హెన్రీ కజిన్స్.

కజిన్స్ 1873 జూలై 22న ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరంలో జన్మించాడు. ఆయన విద్య చాలావరకు స్వయంకృషితో సంపాదించుకొన్నదే. యౌవనంలో ఆ నగర మేయరుకు ఆంతరంగిక కార్యదర్శిగా ఉంటూ ఆయన ఉపన్యాసాలను రాసిపెట్టేవాడు. ఒకరి నోటితో పలికించడానికి మాటలు కూర్చిన ఆ యువకుడు తరువాతి కాలంలో తన సొంత మాటకు మూల్యం చెల్లించవలసివచ్చింది. 1897లో డబ్లిన్ చేరి, అక్కడ యేట్స్ మొదలైన కవుల సాహచర్యంలో కవిగా, నాటకకర్తగా పేరు తెచ్చుకొన్నాడు. 1903లో మార్గరెట్‌ను వివాహమాడాడు. ఆమె సంగీతంలో పట్టభద్రురాలు. భార్యాభర్తలిద్దరూ శాకాహారులు, దివ్యజ్ఞాన సమాజ అభిమానులు, స్త్రీల ఓటుహక్కును సమర్థించినవారు.

అనీబిసెంట్ ఆహ్వానంపై ఆ దంపతులు 1915లో మద్రాసు చేరారు. అనీబిసెంట్ అప్పటికే న్యూ ఇండియా అనే దినపత్రిక నడుపుతూ, స్వపరిపాలన కావాలని ప్రభుత్వాన్ని నిలదీస్తూ ఉండేది. కజిన్స్ ఆ పత్రికలో సాహిత్య విభాగానికి ఉపసంపాదకుడయ్యాడు. కవికి తగిన ఉద్యోగమే. పుస్తక సమీక్షలతో ఆయన కాలం ప్రశాంతంగా గడచిపోయేదేమో! కాని 1916 ఏప్రిల్ 24న డబ్లిన్ నగరంలో ఆంగ్ల ప్రభుత్వంపై తిరుగుబాటు జరిగింది. ప్రభుత్వం దానిని అణచివేసి, మే నెలలో నాయకులను కాల్చిచంపింది. వారిలో పాఠశాల నడిపిన కవి పాట్రిక్ పియర్స్ కూడా ఉన్నాడు. స్వదేశం అట్లా నెత్తురోడుతుంటే కజిన్స్ కలం ఊరకుండలేకపోయింది. ఆ తిరుగుబాటును మెచ్చుకొంటూ ఆయన న్యూ ఇండియాలో వ్యాసం రాశాడు.

ఆనాటి పత్రికల మెడపై 1910 నాటి ప్రెస్ చట్టం కత్తివలె వేలాడుతుండేది. ఆ చట్టం కింద ప్రభుత్వం న్యూ ఇండియా నుండి 1916లోనే 2,000 రూపాయల ధరావతు కట్టించుకొని, ఆగస్టులో దానిని జప్తు చేసి, మళ్ళీ 10,000 రూపాయలు కట్టమన్నది. అటువంటి రోజులలో కజిన్స్ వ్యాసం పాలకులకు ఆగ్రహం కలిగించింది. అనీబిసెంట్ ఆయనను పత్రిక నుండి తొలగించవలసివచ్చింది. పత్రికాస్వేచ్ఛకై పోరాడుతున్న ఆమె చేతిమీదుగానే ఈ పని జరగడం విచారకరం. అయితే పత్రికే మూతపడితే ఆ పోరాటం సాగేదెట్లా? ఆమెను నిందించడం నాకు న్యాయంగా తోచదు. కజిన్స్‌ను మెచ్చకుండా ఉండడమూ సాధ్యం కాదు.

ఉద్యోగం కోల్పోయిన రచయితకు ఆశ్రయమిచ్చినది మదనపల్లె. ఆనాడు చిత్తూరు జిల్లాలో ఉన్న ఆ ఊరిలో 1915లోనే అనీబిసెంట్ ఒక కళాశాల స్థాపించింది. కజిన్స్ అక్కడ ఆంగ్లం బోధించి, తరువాత ప్రిన్సిపాల్ అయ్యాడు. మార్గరెట్ కూడా బోధన చేసింది. ఆ కళాశాల కొంతకాలం అడయారులోని జాతీయ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. ఆ విశ్వవిద్యాలయానికి కులపతి రవీంద్రనాథ ఠాగూర్.

1919 ఫిబ్రవరి చివరివారంలో దక్షిణదేశ యాత్రలో అలసిన రవీంద్రుడు విశ్రాంతికై మదనపల్లె వచ్చాడు. ఒక సాయంకాలం అధ్యాపకులు, విద్యార్థులు కూడి పాటలు పాడుకొంటున్న వేళ కజిన్స్ ఆయనను కూడా పాడమని కోరాడు. రవీంద్రుడు జనగణమన ఆలపించాడు. భాష తెలియకపోయినా విద్యార్థులు పల్లవి అందుకొన్నారు. ఫిబ్రవరి 28న కవి ఆ గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించి, స్వహస్తాలతో రాసి ఇచ్చాడు. మార్గరెట్ ఆ బాణీకి స్వరలిపి సిద్ధం చేసింది. జనగణమనకు బాణీ కట్టినది మదనపల్లెలోనే అని మన ప్రాంతంలో చాలామంది గర్వంగా చెప్పుకొంటారు. కాని ఆ గీతాన్ని 1911 డిసెంబరు 27ననే కలకత్తా కాంగ్రెసు మహాసభలో పాడారు. బాణీ లేకుండా పాడడం ఎట్లా కుదురుతుంది? ఇక్కడ జరిగినది ఆంగ్లానువాదం, స్వరలిపి రచన. మదనపల్లెకు ఆ గౌరవం చాలదా?

ఈ పాటను గురించి అంతకంటె పెద్ద పొరపాటు ఒకటి కలకత్తా పత్రికలలో పుట్టింది. ఆ 1911 సభలో జనగణమన ముగిసిన తరువాత ఐదవ జార్జి చక్రవర్తికి స్వాగతం పలికే తీర్మానం చేసి, చక్రవర్తిని స్తుతించే ఒక హిందీ పాట పాడారు. అది వేరొకరి రచన. మరునాడు కొన్ని ఆంగ్లేయ పత్రికలు రెండు పాటలను కలగలిపి, రవీంద్రుడు చక్రవర్తిని కీర్తిస్తూ గీతం రాసినట్లు ప్రకటించాయి. భారతీయుల పత్రికలు సరిగానే రాసినా అపవాదే నిలిచింది. 1937లో రవీంద్రుడే లేఖ రాసి దానిని ఖండించవలసివచ్చింది. నేటికీ అది పూర్తిగా సమసిపోలేదు. వంగభాషకూ హిందీకీ తేడా తెలిసినవారిని ఎవరినైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ వార్త అట్లా వెలువడేది కాదు.

ఒక మాట పక్కవాడి భాషలోకి వెళ్ళి ఎంత మారుతుందో తెలుగు, కన్నడం, తమిళం కలిసి వినిపించే కుప్పంలో పెరిగిన పిల్లలకు చెప్పనక్కరలేదు. పుంగనూరు విద్యార్థి తన ఊరి పొట్టి ఆవును గురించి గోడపత్రికకు రాయదలచుకొంటే, లోకంలో అంతటి పొట్టి ఆవు లేదని రాయడం సులభం. కొలతబద్ద తీసుకొని ఒక ఆవు దగ్గరకు వెళ్ళి, ఎత్తు కొలిచి, పెంచే రైతును అది ఎన్ని పాలిస్తుందో అడిగి రాయడం కష్టం. ఉపాధ్యాయుడు ఆశించవలసినది ఆ కష్టాన్నే. అట్లా రాసిన అంశం ఎవరికైనా నచ్చకపోతే, చెప్పినవారు ఎవరో, చూచినది ఎక్కడో నిదానంగా చెప్పగలగాలి. తప్పని తేలితే మరుసటి సంచికలో సవరించాలి. చార్టు చింపి దాచివేయడం సవరణ కాదు.

కజిన్స్ తరువాతి జీవితం విశాలమైనది. జపాను దేశంలోని కెయో విశ్వవిద్యాలయంలో ఒక సంవత్సరం ఆంగ్లాచార్యుడుగా ఉన్నాడు. తిరువాన్కూరు సంస్థానానికి కళాసలహాదారుగా పనిచేశాడు. 1935లో తిరువనంతపురంలో ప్రారంభమైన చిత్రాలయం ఏర్పాటులో ఆయన కృషి ఉంది. 1937లో హిందూమతం స్వీకరించి జయరామ్ అనే పేరు ధరించాడు. మార్గరెట్ అఖిల భారత మహిళా సభ స్థాపనకు కృషి చేసి, 1932లో కారాగారవాసం కూడా అనుభవించింది. 1930లలో కజిన్స్ మళ్ళీ మదనపల్లె కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చాడు. ఆనాడు తన విద్యార్థులు భాష తెలియకనే గొంతు కలిపిన పాట 1950 జనవరి 24న జాతీయగీతం కావడం ఆయన చూశాడు. 1954లో మార్గరెట్, 1956 ఫిబ్రవరి 20న మదనపల్లెలో కజిన్స్ కన్నుమూశారు.