లక్కపలకలపై బీతోవెన్
(ఆర్టర్ ష్నాబెల్ జీవితము)

గ్రామఫోను బూర యెదుట చెవియొగ్గి కూర్చున్న కుక్కబొమ్మను పాత రికార్డులు చూచినవారందఱును ఎఱుగుదురు. ఆ బొమ్మ గల హిజ్ మాస్టర్స్ వాయిస్ కంపెనీ 1931లో లండన్ నగరమున ఒక క్రొత్త పద్ధతిని ప్రారంభించెను. హ్యూగో వోల్ఫ్ అను స్వరకర్త గీతములను కొనువారు కొలదిమందియే యగుటచే, 500 మంది ముందుగా చందా చెల్లించినచో గాని వాని రికార్డులు తీయబోమని ప్రకటించెను. చందాదారులు దొరకిరి, రికార్డులు వెలువడెను. ఈ యుపాయము వాల్టర్ లెగ్ అను యువోద్యోగిది. విజ్ఞాన చంద్రికా గ్రంథమాల మొదలుకొని చందాదారుల బలముతో వెలువడిన పుస్తకములను చదివిన తెలుగువారికి ఇది వింతగా తోపదు. గ్రంథమునకు బదులు గానము, అంతియే భేదము. అయితే ఆ వెంటనే బీతోవెన్ పియానో సొనాటాలను అన్నిటిని ఇదే పద్ధతిని వెలువరింప సంకల్పించినప్పుడు, కంపెనీకి చిక్కు చందాదారులతో కాక వాద్యకారునితో వచ్చెను. అతడు ఆర్టర్ ష్నాబెల్. యంత్రము ముందు వాయింపనని ఏండ్ల తరబడి పట్టుపట్టి కూర్చున్నవాడు.

ష్నాబెల్ 1882 ఏప్రిల్ 17న, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యములోని లిప్నిక్ అను ఊర యూదు కుటుంబమున జన్మించెను. ఆ ఊరు నేడు పోలండ్ దేశములో నున్నది. అతని బాల్యముననే కుటుంబము వియన్నాకు తరలెను. తొమ్మిదవ యేట అతడు థియొడోర్ లెషెటిట్స్కీ అను ప్రసిద్ధ గురువుకడ చేరెను. ఆ కాలపు పియానో విద్యార్థులు వ్రేళ్ల చాకచక్యమును చూపు కృతులకై ఎగబడుచుండిరి. లెషెటిట్స్కీ ఈ బాలునిలో వేఱొకటి చూచెను. ఇతడు పియానో వాద్యకారుడు కాజాలడనియు, సంగీతజ్ఞుడనియు పలుమాఱులు చెప్పి, లిస్ట్ రచనల జోలికి పోనీయక, నాడు వాయించువారే లేని షూబర్ట్ సొనాటాలను చేతికిచ్చెను. శిష్యుని లోపమును పట్టి దండించుట సులభము. లోపమువలె కనబడు గుణమును గుర్తించుట ఉపాధ్యాయులలో కొందఱికే అలవడును.

1900 ప్రాంతమున అతడు బెర్లిన్‌లో స్థిరపడి, 1905లో తెరేసే బేర్ అను గాయనిని వివాహమాడెను. 1925 నుండి అచటి ప్రభుత్వ సంగీత విద్యాలయమున ఆచార్యుడుగా నుండెను. ఆంగ్ల వాద్యకారుడైన క్లిఫర్డ్ కర్జన్ అతని శిష్యుడే. బీతోవెన్ సొనాటాలకు ష్నాబెల్ సిద్ధపఱచిన ముద్రణములోని అధోజ్ఞాపికలు మన వ్యాఖ్యాతల టీకలను తలపించును. 1927వ సంవత్సరము బీతోవెన్ గతించి నూఱేండ్లు నిండిన యేడు. ఆ యేట బెర్లిన్‌లోని ఫోక్స్‌బ్యూనె నాటకశాలలో అతడు ఏడు ఆదివారములు కూర్చుండి 32 సొనాటాలను వినిపించెను. ఆ నాటకశాల సామాన్యజనుల సభ్యత్వపు చందాలతో కట్టబడినది. కచేరీ చివర ఎన్ని చప్పట్లు మ్రోగినను అదనముగా ఒక్క కృతియైనను వాయించుట అతని కలవాటు లేదు.

సొనాటా యనగా రెండు మొదలు నాలుగు వఱకు భాగములు గల వాద్యకృతి. ఆశ్వాసములుగల కావ్యము వంటిదని తలపవచ్చును. వాద్యకారుడు దానిని నేడొక తీరున, ఱేపొక తీరున భావించును. ఆ మార్పే సంగీతమునకు ప్రాణమని ష్నాబెల్ నమ్మిక. ఒకనాటి వాయింపును పలకపై చెక్కి ఇదియే శాశ్వతమనుట అతనికి అసత్యముగా తోచెను. పైగా ఆ పలకను వినువారెవరో, ఎట్టి స్థితిలో విందురో తెలియదు. భోజనము చేయుచు విందురేమో, సగములో ఆపుదురేమో.

ఈ పట్టును సడలించినవాడు ఫ్రెడ్ గైస్‌బర్గ్. 1902లో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసినవాడు ఇతడే. ఒక్కటియు విడువక 32 సొనాటాలను తీయుదుమనుటయు, ఆదాయమునకు హామీ యిచ్చుటయు పనిచేసెను. ధనమునకు లొంగెనని అనువారుందురు. కాని ఏరుకొని నాలుగు కృతులను గాక సమస్తమును వాయించు అవకాశము అంతకుముందు ఏ వాద్యకారునికిని రాలేదు.

1932 జనవరిలో, అప్పుడే క్రొత్తగా తెఱచిన ఆబీ రోడ్డు స్టూడియోలో పని మొదలయ్యెను. నాటి రికార్డు నిముషమునకు 78 చుట్లు తిరుగును. ఒక్కొక్క వైపున నాలుగు నిముషములకు కొంచెము మించి పట్టదు. దీర్ఘమైన ఒక్క భాగమును నాలుగైదు తునకలు చేసి, తునక తునకకు ఆగి, మరల అదే భావమును అందుకొనవలెను. మైనపు పలకపై సూది గాడి తీయుచుండగా ఒక స్వరము తప్పినచో, నేటివలె అచ్చోటును మాత్రము కత్తిరించి అతుకుటకు వీలు లేదు. ఆ వైపునంతటిని మరల వాయింపవలసినదే. ఆ మైనమును పరీక్షకై మ్రోగించినచో అది చెడిపోవును. జనము లేని గదిలో ఈ బంధనము ష్నాబెల్‌ను మిగుల నలిపెను.

1935లో 106వ సంఖ్య గల మహాసొనాటా వంతు వచ్చెను. బీతోవెన్ స్వయముగా కాలప్రమాణపు అంకెలు వ్రాసిన సొనాటా అదియొక్కటే. అవి వాయింపరానంత వేగమని పలువురు విడిచిపెట్టిరి. ష్నాబెల్ వానిని పాటింప బూనెను. వ్రేళ్లు తడబడెను, స్వరములు జాఱెను. ఆ తప్పులు ఆ రికార్డులో నేటికిని వినబడును. తప్పులేని వాయింపులు తరువాత అనేకములు వచ్చినవి గాని, ఆ యావేశము వానిలో దుర్లభము. ఆ యేటితో 32 సొనాటాలును ముగిసెను. అన్నిటిని రికార్డు చేసిన మొదటివాడు ష్నాబెల్.

బీతోవెన్ సొనాటా సొసైటీ చందాదారుల సంగతి కూడ చెప్పవలెను. ఎట్టి వాయింపు వచ్చునో వినకయే వారు ముందుగా డబ్బు కట్టిరి. సంపుటమునకు ఆఱేడు పలకలు, వానితో ఎరిక్ బ్లోమ్ వ్రాసిన వివరణ పుస్తకము. వరుసక్రమమును లేదు, బీతోవెన్ తుది సొనాటా మొదటి సంపుటముననే వచ్చెను. ఇట్లు పదునైదు సంపుటములు వెలువడెను. పలకలు బరువైనవి, జాఱిపడినచో పగులునవి. వానికి ముఖ్యద్రవ్యమైన లక్క అధికముగా మన దేశమునుండియే ఎగుమతి యగుచుండెను. ఛోటా నాగపురపు మోదుగు చెట్లపై పురుగులు కూర్చినది లండన్‌లో బీతోవెన్‌ను మోసెను.

పని నడుచుచుండగనే, 1933లో హిట్లర్ అధికారమునకు వచ్చుటతో, ష్నాబెల్ జర్మనీని విడిచిపోయెను. 1939లో అమెరికాకు చేరి, 1944లో ఆ దేశపు పౌరుడయ్యెను. తల్లి ఎర్నెస్టీన్ వియన్నాలోనే చిక్కుకొనెను. 1942 ఆగస్టులో ఎనుబది దాటిన ఆ వృద్ధురాలిని నాజీలు టెరేజియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరమునకు తరలించిరి. రెండు నెలలకు ఆమె అచటనే మరణించెను. యుద్ధానంతరము యూరపునకు మరలి అనేక నగరములలో వాయించినను, ష్నాబెల్ జర్మనీలో గాని ఆస్ట్రియాలో గాని మరల అడుగిడలేదు. ఆ యేండ్లలో అతని మనస్సు స్వరరచనపై నిలిచెను. మూడు సింఫనీలు, ఐదు తంత్రీచతుష్టయములు వ్రాసెను. తాను జన్మమంతయు వాయించిన పాత ఫక్కికి అవి ఎంతయో దూరమైనవి.

1951 జనవరిలో న్యూయార్కున తుదిసారి కచేరీ చేసెను. అదే యేట ఆగస్టు 15న స్విట్జర్లండులోని ఆక్సెన్‌స్టైన్‌లో కన్నుమూసెను. నిముషమునకు 33 చుట్లు తిరుగు దీర్ఘ రికార్డులు అప్పటికి మూడేండ్లుగా అంగళ్లలో నున్నవి. కొలది కాలమునకే లక్కపలకల సొనాటాలను వానిపైకి మార్చిరి. తునకలు కలిసి, ఒక్కొక్క భాగము మొదటినుండి తుదిదాక ఆగకుండ వినబడెను. అట్లు వినుటకు వాయించినవాడు లేడు.