బాంటింగ్ దొరగారి టీ కప్పు

మన సంఘం ఆరోగ్య ప్రత్యేక సంచికకు ఏదైనా రాసివ్వమని కార్యదర్శిగారు రెండుసార్లు ఫోను చేశారు. నేను డాక్టరును కాను. 34 సంవత్సరాలు ఫైళ్ల మధ్య గడిపి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. వైద్యం గురించి రాసే అర్హత నాకు లేదు. కానీ రిటైరైన ఒక మనిషి జీవితం గురించి మరో రిటైరైన మనిషి రాయడానికి అర్హత అక్కర్లేదనిపించింది. పైగా ఆయన జీవితం చదివిన తర్వాతే నా కాఫీ గ్లాసు వంక నేను అనుమానంగా చూడడం మొదలుపెట్టాను. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన పేరు విలియం బాంటింగ్. 1796 డిసెంబరులో పుట్టారు. లండను నివాసి. వృత్తి చెబితే మీరు కాస్త వెనక్కి జరుగుతారేమో. అంత్యక్రియల ఏర్పాట్లు చేయడం, శవపేటికలు తయారు చేయించడం ఆ కుటుంబం వ్యాపారం. మామూలు వాళ్లకి కాదు, ఇంగ్లండు రాజవంశానికే. 1820లో 3వ జార్జి రాజుగారికి, 1830లో 4వ జార్జి రాజుగారికి, 1861లో విక్టోరియా రాణిగారి భర్త ఆల్బర్టుగారికి చివరి ఏర్పాట్లు చేసింది ఆ కుటుంబమే. 1799లో శ్రీరంగపట్నం మీదికి నిజాం సైన్యంతో కలిసి నడిచిన ఆర్థర్ వెల్లస్లీ, ఆ తర్వాత వెల్లింగ్టన్ డ్యూకు అయి 1852లో పోయినప్పుడు ఆ అంత్యక్రియలూ వీళ్లే చూశారు. సెయింట్ జేమ్స్ వీధిలో వాళ్ల దుకాణం ఉండేది.

అంత పేరున్న వ్యాపారాన్ని 50 ఏళ్లు నడిపి, ఆయన కూడా మనలాగే విశ్రాంతి తీసుకున్నారు. సోమరి కాదు, తిండిపోతు కాదు, ఎప్పుడూ పని మీదుండే మనిషి. అయినా నడివయసులో మొదలైన ఒళ్లు తగ్గలేదు. 1862 నాటికి 66వ ఏట 5 అడుగుల 5 అంగుళాల మనిషి 202 పౌన్ల బరువున్నారు. మన లెక్కలో దాదాపు 92 కిలోలు. వంగి బూటు తాడు కట్టుకోలేరు. మెట్లు దిగాలంటే మోకాళ్లు, చీలమండలు అదరకుండా వెనక్కి తిరిగి, ఒక్కొక్క మెట్టూ దిగేవారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. జనంలోకి వెళితే, బండి ఎక్కితే వెక్కిరింపులు. రాజుల అంతిమయాత్రలు నడిపించిన ఇంటి మనిషి తన ఇంటి మెట్లు దిగలేక అవస్థ పడ్డారు.

ఆయన ప్రయత్నం చేయలేదని ఎవరూ అనలేరు. ఒళ్లు వంచి పని చేయమని వైద్యమిత్రుడొకరు చెబితే, గట్టి పడవ ఒకటి చూసుకుని రోజూ తెల్లవారుజామున రెండేసి గంటలు నది మీద తెడ్డు వేశారు. కండ వచ్చింది. దానితో పాటు విపరీతమైన ఆకలీ వచ్చింది. ఆకలికి తిన్నారు, ఇంకా బరువెక్కారు. చివరికి ఆ పడవ మానేయమని ఆయనే చెప్పారట! ఆవిరి స్నానాలు చేశారు, ఊరూరా ఖనిజపు ఊటల నీళ్లు తాగారు, మందులు మింగారు. దాదాపు 50 ఆవిరి స్నానాలకు తగ్గింది 6 పౌన్లు. ఇంకో పెద్ద వైద్యుడైతే వయసుతో ఒళ్లు రావడం సహజమేనని, తానూ ఏడాదికి ఒక పౌను చొప్పున పెరిగానని ఓదార్చి పంపేశారు. ఈ ఓదార్పు మనలో చాలామందికి అలవాటైనదే.

మలుపు చెవి దగ్గర వచ్చింది. 1862 ఆగస్టులో వినికిడి తగ్గింది. ఎప్పుడూ చూసే చెవి వైద్యుడు ఊళ్లో లేకపోవడంతో, సోహో స్క్వేరులో ఉన్న విలియం హార్వీ అనే మరో చెవి డాక్టరు దగ్గరికి వెళ్లారు. రక్తప్రసరణ గురించి కనిపెట్టిన హార్వీ ఈయన కాదు, ఆయన రెండు శతాబ్దాల ముందువాడు. ఈ హార్వీగారు 1856లో పారిస్ వెళ్లి క్లాడ్ బెర్నార్డు అనే మహాశాస్త్రజ్ఞుడి ఉపన్యాసాలు విని వచ్చారు. కాలేయం చక్కెరను తయారు చేస్తుందని బెర్నార్డుగారు నిరూపించారు. మధుమేహం ఉన్నవాళ్లకు పిండి పదార్థం, చక్కెర మాన్పిస్తే మూత్రంలో చక్కెర తగ్గుతుందని ఆ రోజుల్లోనే వైద్యులకు తెలుసు. పశువులను బలిపించడానికి పెట్టేదీ పిండి, తీపి దాణాయే. ఈ రెండూ కలిపి ఆలోచించిన హార్వీగారు బాంటింగ్‌గారి చెవి చూసి, దోషం చెవిలో లేదు, గొంతు చుట్టూ పేరుకున్న కొవ్వులో ఉందని తేల్చారు. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప, ఈ ఆరూ మానేయమన్నారు.

ఈ ఆరింటినీ ఇంకోసారి చూడండి. పాలు, బీరు నేరుగా తాగేవి. చక్కెర ఎక్కువగా కడుపులోకి పోయేది టీతోనే. అంటే నిషేధాల్లో సగం గ్లాసు లోనివే. బాంటింగ్‌గారి పాత దినచర్య చూస్తే ఎందుకో అర్థమవుతుంది. పొద్దున్న రొట్టె, పాలు, లేదా బోలెడు పాలూ చక్కెరా పోసిన పెద్ద పాత్రెడు టీ. మధ్యాహ్నం మాంసంతో పాటు బీరు, దండిగా రొట్టె. సాయంత్రం మళ్లీ పొద్దుటిలాగే. రాత్రి పండ్ల తీపి వంటకమో, రొట్టె పాలో. ఇందులో తిండిపోతుతనం ఏమీ లేదు. గౌరవనీయమైన కుటుంబాల్లో అందరూ తినేదే, తాగేదే. చిక్కు అక్కడే ఉంది.

హార్వీగారి పట్టీ ప్రకారం ఉదయం 4, 5 ఔన్సుల మాంసమో చేపో, ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల, కాల్చిన రొట్టె, పాలూ చక్కెరా లేని పెద్ద కప్పు టీ. మధ్యాహ్నం చేప లేదా మాంసం, దుంప తప్ప ఏ కూరైనా, 2, 3 గ్లాసుల వైను. సాయంత్రం కాస్త పండు, రస్కు, మళ్లీ ఉత్త టీ. రాత్రి కొంచెం మాంసం, ఒకటి రెండు గ్లాసుల వైను. పడుకునే ముందు కావాలంటే చక్కెర కలపని జిన్నో బ్రాందీయో.

వైన్లలోనూ ఏరివేత ఉంది. క్లారెట్, షెర్రీ, మదీరా తాగవచ్చు. షాంపేన్, పోర్టు, బీరు కూడదు. ఇదేం లెక్క అని మొదట నాకు అంతుపట్టలేదు. తర్వాత తెలిసింది. ద్రాక్షరసం పులిసేటప్పుడు అందులోని చక్కెర సారాగా మారిపోతుంది. పూర్తిగా పులిసిన క్లారెట్‌లో తీపి దాదాపు మిగలదు. పోర్టు తయారీలో మధ్యలోనే బ్రాందీ పోసి పులియడం ఆపేస్తారు, కనుక తీపి అలాగే ఉండిపోతుంది. ఆ రోజుల్లో షాంపేన్‌లో చక్కెర పాకం బాగా కలిపేవారు. బీరు మొలకెత్తిన బార్లీ గింజలతో చేసేది, పిండి పదార్థం కొంత అందులో మిగులుతుంది. తాగే దాంట్లో ఎంత చక్కెర దాగి ఉందన్నదే కొలత.

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. ఆయన తాగారు కదా అని మనం వైను సీసా తెచ్చుకోవడానికి ఇది అనుమతి పత్రం కాదు. ఆయన రోజూ తాగిన మోతాదు ఈనాటి వైద్యులెవరూ ఒప్పుకోరు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మద్యం ఏ మోతాదులోనూ పూర్తిగా క్షేమం కాదని ప్రకటించింది. చక్కెర వ్యాధి మందులు వాడేవాళ్లకు మద్యం వల్ల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. బాంటింగ్‌గారి దగ్గర మనం తీసుకోవలసింది టీ కప్పు, వైను గ్లాసు కాదు.

ఫలితం సంగతి. 1863 సెప్టెంబరు నాటికి ఆయన బరువు 156 పౌన్లు, అంటే 71 కిలోలు. ఏడాదిలో 46 పౌన్లు తగ్గారు. నడుం చుట్టుకొలత 12 అంగుళాలకు పైగా తగ్గింది. వారానికి ఒక పౌను కూడా పడలేదని గమనించండి. నెలలో 10 కిలోలు తగ్గిస్తామనే ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తొస్తుంది. చెవులు వినిపించసాగాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆ పెద్దమనిషి మళ్లీ అందరిలాగా ముందుకు చూస్తూ మెట్లు దిగారు.

అంతటితో ఊరుకుంటే ఆయన పేరు మనకు తెలిసేది కాదు. అదే 1863లో స్థూలకాయం గురించి ప్రజలకు ఒక లేఖలా చిన్న పుస్తకం రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేయించి ఉచితంగా పంచారు. పడుచుతనంలో మేలు చేసే కొన్ని ఆహారాలు ముసలితనంలో, గుర్రానికి గింజల్లాగా, మనిషికి కీడు చేస్తాయని అందులో పోలిక చెప్పారు. గిరాకీ పెరిగాక తర్వాతి ముద్రణలు అమ్మకానికి పెట్టారు గాని లాభం తాను ఉంచుకోలేదు, ధర్మకార్యాలకు ఇచ్చేశారు. వైద్య పత్రికలు మండిపడ్డాయి. వైద్యుడు కానివాడికి ఇందులో ఏం పని అన్నాయి, ఇందులో కొత్తేమీ లేదనీ అన్నాయి. ఆయన తాను వైద్యుణ్ణని ఎన్నడూ చెప్పుకోలేదు. తనకు మేలు జరిగింది, నలుగురికీ చెప్పాలనుకున్నారు, అంతే. పుస్తకం వేలాదిగా అమ్ముడుపోయి ఇతర భాషల్లోకీ వెళ్లింది. స్వీడన్ దేశపు భాషలో ఈనాటికీ ఒళ్లు తగ్గించుకోవడాన్ని ఆయన పేరు మీదుగా బాంటా అనే అంటారు. 1878 మార్చిలో, 81 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. 1921లో ఇన్సులిన్ కనిపెట్టిన వారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ ఈయనకు దూరపు బంధువని చెబుతారు.

ఇక నా సంగతి. మూడేళ్ల క్రితం షుగరు బాగా పెరిగింది. మా చిన్నబ్బాయి పిండి పదార్థాలు తగ్గించే భోజనం గురించి చెప్పి వెళ్లాడు. నేను పట్టుదలగా అన్నం మానేశాను. ఇడ్లీ మానేశాను. కూరలు, గుడ్లు, పెరుగుతో కాలక్షేపం చేశాను. రెండు నెలలైనా కాటా ముల్లు కదలలేదు. షుగరూ అంతంత మాత్రమే. మా ఆవిడ అన్నం గిన్నె కేసి చూసి నిట్టూర్చేది.

అప్పుడు మనవరాలు కంప్యూటర్లోంచి తీసిచ్చిన బాంటింగ్‌గారి పుస్తకం చదివాను. చదివి, ఒక పాత క్యాష్‌బుక్కులో నేను తాగేవన్నీ రాయడం మొదలుపెట్టాను. ఆఫీసు అలవాటు! పొద్దున్న కొబ్బరిబోండాం. రోజుకు నాలుగు కాఫీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల బెల్లం. పంచదార మానేశానని గర్వంగా చెప్పుకునేవాణ్ణి, బెల్లమూ చాలావరకు అదే చక్కెర అని ఆలోచించలేదు. సాయంత్రం బత్తాయి రసం. రాత్రి ఒంటికి మంచిదని పెద్ద గ్లాసుడు రాగిజావ. చెంచాకు సుమారు 5 గ్రాముల చొప్పున కాఫీల్లోనే 40 గ్రాములు. కొబ్బరినీళ్ల గ్లాసులో 10 గ్రాముల దాకా. రాగిజావ అంటే తాగే అన్నమే కదా. కంచం దగ్గర నేను కూడబెట్టినదంతా గ్లాసు ఖర్చు పెట్టేసింది.

మర్నాటి నుంచి మార్చాను. మార్చడంలో పెద్ద పొరపాటూ చేశాను. మిత్రులు దీన్ని జాగ్రత్తగా చదవాలి. తీపి పానీయాలన్నీ ఒక్కసారి ఆపేసి, డాక్టరుగారికి చెప్పకుండా బి.పి. మాత్ర, షుగరు మాత్రలు యథాప్రకారం వేసుకున్నాను. నాలుగో రోజు తెల్లవారుజామున లేచి నిలబడగానే కళ్లు తిరిగి స్నానాలగది గడప మీద పడ్డాను. దెబ్బ మోచేతితో పోయింది, అదృష్టం. పిండి పదార్థం బాగా తగ్గించిన మొదటి రోజుల్లో ఒంట్లోని ఉప్పు, నీరు ఎక్కువగా మూత్రంలో పోతాయట. నా బి.పి. మాత్రలో నీరు లాగే మందు కూడా ఉంది. డాక్టరుగారు నాలుగు చివాట్లు పెట్టి, మాత్రలు సవరించి రాసిచ్చారు. షుగరుకు కొన్ని రకాల మందులు వాడేవాళ్లకు ఇలాంటి ఆహారం అసలు పనికిరాకపోవచ్చునని కూడా చెప్పారు. తప్పు పూర్తిగా నాదే.

ఇప్పుడు నా గ్లాసులో ఉండేవి ఇవి. లేవగానే మంచినీళ్లు. బెల్లం లేని కాఫీ రెండుసార్లు, పాలు పేరుకు మాత్రమే. మధ్యాహ్నం పల్చటి మజ్జిగలో కరివేపాకు, అల్లం, చిటికెడు ఉప్పు. ఎండలో తిరిగి వస్తే నిమ్మకాయ నీళ్లు, పంచదార లేకుండా. పండు తింటాను, రసం తీయను. కొబ్బరినీళ్లు పండగలకే. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు కొబ్బరినీళ్లూ, గుండెజబ్బు లేదా బి.పి. ఉన్నవాళ్లు ఉప్పూ డాక్టరుగారిని అడగకుండా తీసుకోకూడదు. మధ్యాహ్నం ఒక గుప్పెడు అన్నం మళ్లీ కంచంలోకి వచ్చింది. మా ఆవిడ నిట్టూర్పు తగ్గింది. ఏడాదిలో 7 కిలోలు తగ్గాను.

మొదటి పది రోజులు చేదు కాఫీ గొంతు దిగలేదు. పదకొండో రోజు నుంచి కాఫీ గింజ రుచి తెలిసింది. మొన్న ఒక పెళ్లిలో పొరపాటున తీపి కాఫీ నోట్లో పోసుకుంటే పాకం తాగినట్టనిపించింది.

జీవితాంతం ఇతరుల శవపేటికలు కొలిచిన మనిషి, 66 ఏళ్లకు తన నడుం కొలుచుకుని ఇంకా 15 ఏళ్లు హాయిగా బతికారు. మన పెన్షనర్లకు నా విన్నపం ఒక్కటే. ఒక వారం పాటు మీరు తాగే ప్రతి గ్లాసూ కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని మీ డాక్టరుగారి దగ్గరికి వెళ్లండి. ఆ తర్వాతే ఏదైనా మానండి, ఏదైనా మార్చండి. వచ్చే జనరల్ బాడీ సమావేశంలో టీ ఇచ్చేటప్పుడు చక్కెర విడిగా పెట్టించమని కార్యదర్శిగారిని ఈ పేజీల ద్వారానే కోరుతున్నాను.

సెలవు.