షేక్స్పియరు మహాకవి వంశలాంఛనము

మన ప్రాచీన ప్రబంధములలో దేనిని తెరచినను కథారంభమునకు ముందు కృతిపతి వంశవర్ణనము కానవచ్చును. ఆతడే వంశమువాడు, తాతముత్తాతలెంతటివారు, వారి బిరుదము లెవ్వి యను సంగతులను కవి విస్తరించి చెప్పును. విద్యార్థులు ఆ పద్యములను దాటి కథలోనికి పోవుటకు తొందరపడుదురు. పాఠము చెప్పు మనకును వానియం దంత మక్కువ యుండదు. కాని వంశప్రతిష్ఠ కొరకు మానవుడు పడు తపన యెంతటిదో తెలిసికొనగోరిన, షేక్స్పియరు మహాకవి జీవితమును ఒకసారి పరిశీలింపవలెను. ముప్పదియేడు నాటకములకు కర్తగా లోక మెరిగిన ఆ మహనీయుడు తన తండ్రి పేర ఒక డాలు బొమ్మను సంపాదించుటకు పూనుకొనెను. దానిని పొందెను, దాని మూలమున హేళనకును గురియయ్యెను. తుదకు దానిని ధరింప వారసుడు లేకుండగనే కన్నుమూసెను.

ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డు పట్టణమున హోలీ ట్రినిటీ అను దేవాలయము కలదు. అందు కవి సమాధికి సమీపమున, గోడయందు ఆయన ప్రతిమతో కూడిన స్మారకము నిలుపబడినది. ప్రతిమకు పైభాగమున ఒక డాలు చెక్కబడియున్నది. బంగారువన్నె గల ఆ డాలుపై ఒక మూలనుండి మరొక మూలకు వాలుగా నల్లని పట్టీ, ఆ పట్టీపై వెండి మొనగల బంగారు ఈటె యుండును. ఇదియే షేక్స్పియరు వంశలాంఛనము. పూర్తి లాంఛనమున డాలుకు పైన రెక్కలు విప్పి నిలిచిన వెండివన్నె డేగ యుండును. అదియు ఒక ఈటెను పట్టుకొనియుండును. దీనితోపాటు తమకు హక్కు లేకపోలేదను అర్థమిచ్చు ఫ్రెంచి సూక్తి యొకటి కలదు. షేక్స్పియరు అను ఇంటిపేరునకు ఈటెను ఝళిపించువాడని అర్థము చెప్పవచ్చును గదా! పేరునే బొమ్మగా మలచు ఈ పద్ధతి పాశ్చాత్య లాంఛనశాస్త్రమున ప్రసిద్ధమైనది.

లాంఛనము కేవలము అలంకారము కాదు. ఆ కాలపు ఇంగ్లండులో అది సంఘమున మనుష్యుని స్థానమును నిర్ణయించెడిది. లాంఛనము గలవాడు జెంటిల్‌మన్, అనగా కులీనుడైన పెద్దమనిషి. లేనివాడు ఎంత ధనవంతుడైనను సామాన్యుడే. ఈ లాంఛనములను పరిశీలించి అనుమతించుటకు లండనులో కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అను సంస్థ యుండెను. మూడవ రిచర్డు రాజు 1484లో దానికి అధికారపత్రము నొసగెను. మన భట్రాజులు వంశావళులను కంఠస్థము చేసి పొగడినట్లు, ఈ సంస్థలోని అధికారులు వంశవృక్షములను వ్రాసి భద్రపరచెడివారు. అయితే భట్రాజులకు లేని యొక అధికారము వీరికి కలదు. ఎవరు ఏ చిహ్నమును ధరింపవచ్చునో, ఎవరు ధరింపరాదో తేల్చువారు వీరే.

ఇక కవి తండ్రి సంగతి చూతము. జాన్ షేక్స్పియరు స్ట్రాట్‌ఫర్డుకు సమీపమందలి స్నిట్టర్‌ఫీల్డు గ్రామమున కౌలురైతు కుమారుడు. ఆ కౌలుభూమికి యజమాని రాబర్టు ఆర్డెను. జాన్ పట్టణమునకు వచ్చి తోలు పదునుచేసి చేతితొడుగులు కుట్టు వృత్తి నవలంబించెను. ఆతనిని గూర్చి పట్టణపు దస్తరములలో కనబడు తొలి ముచ్చట గౌరవప్రదమైనది కాదు. 1552లో వీథియందు పెంటకుప్ప వేసినందులకు ఆతనికి జరిమానా విధింపబడెను. అట్టివాడు అయిదారు సంవత్సరములలో తన తండ్రి భూస్వామి కుమార్తెయైన మేరీ ఆర్డెనును వివాహమాడెను. పురపాలక సంఘమున చిన్న పదవులనుండి క్రమముగా పైకెక్కి 1565లో ఆల్డర్‌మన్‌గాను, 1568లో బైలిఫ్, అనగా పురపాలకాధ్యక్షుడుగాను ఎన్నికయ్యెను. దస్తావేజులపై సంతకమునకు మారుగా గుర్తు వేసెడి ఆ చేతితొడుగుల పనివాడు పట్టణమున ప్రథమ పౌరుడయ్యెను. నటబృందములకు స్ట్రాట్‌ఫర్డు పురపాలక సంఘము తొలిసారి ధనమిచ్చి నాటకము లాడించినది ఆతని యధ్యక్షతాకాలముననే. అప్పటికి విలియము నాలుగైదేండ్ల బాలుడు.

పదవితోపాటు లాంఛనము నందవలెనని జానుకు కోరిక పుట్టెను. అధికారి యొకడు ఆతనికి నమూనా చిత్రమును గూడ ఇచ్చెనని తరువాతి పత్రములవలన తెలియుచున్నది. కాని ఆ పని పూర్తి కాలేదు. ఇంతలో ఆతని అదృష్టము తారుమారయ్యెను. వడ్డీ వ్యాపారము చేసెననియు, చట్టవిరుద్ధముగా ఉన్ని కొనెననియు అభియోగములు వచ్చెను. 1577 నుండి ఆతడు సభలకు పోవుట మానెను. 1578లో భార్యకు పుట్టింటివా రిచ్చిన భూమిని 40 పౌనులకు బంధువునొద్ద కుదువబెట్టెను. ఆ భూమి మరల చేతికి రాలేదు. 1586లో సభ్యత్వమును పోయెను. 1592లో దేవాలయమునకు రానివారి జాబితా యొకటి తయారుచేయబడినది. అప్పులవారు పట్టుకొందురను భయముచే రానివారని అందు పేర్కొనబడిన కొందరిలో జాన్ పేరు గలదు. ఒకనాడు ముందు దండధారులు నడువగా వీథిలో పోయిన పెద్దమనిషి ఇప్పుడు ఇల్లు కదలుటకే జంకవలసివచ్చెను.

విలియము 1564 ఏప్రిల్ 26న జ్ఞానస్నానము పొందెను. తండ్రి వైభవమును శైశవమునను, పతనమును యౌవనారంభమునను చూచినవాడాయన. పదునెనిమిదవ యేట ఆన్ హాథవే యను నామెను వివాహమాడెను. 1583లో సుసన్నా, 1585లో హామ్నెట్, జూడిత్ అను కవలలు కలిగిరి. ఆ పిమ్మట ఆయన లండను చేరి నటుడును, నాటకకర్తయు అయ్యెను. నటవృత్తి నాడు గౌరవమునకు తావు కాదు. ప్రభువుల యాశ్రయము లేని నటులను 1572 నాటి శాసనము దేశదిమ్మరుల కోవలో చేర్చినది. 1594 నుండి లార్డు చాంబర్లెయిన్ బృందమున భాగస్వామియై షేక్స్పియరు ధనము నార్జింపజొచ్చెను. అప్పుడు తండ్రి యసంపూర్ణ మనోరథము మరల తలయెత్తినది. దరఖాస్తు తండ్రి పేరనే యుండెను. అందొక లాభము కలదు. లాంఛనము తండ్రికి వచ్చినచో కుమారుడు పుట్టుకతోనే కులీనుని బిడ్డ యగును. తాను స్వయముగ పొందినచో తొలి తరమువాడే యగును. అయినను దీనికి పూనుకొన్నవాడు కవియే యని విద్వాంసులు చిరకాలముగ భావించుచు వచ్చిరి. ఈ లాంఛనమును నటుడైన షేక్స్పియరు పేరుతో ముడిపెట్టిన పాత వ్రాతప్రతుల చిత్రములు కొన్ని 2016లో వెలుగులోనికి వచ్చి ఆ యభిప్రాయమును బలపరచినవి.

1596 అక్టోబరు 20న గార్టర్ పదవియందున్న సర్ విలియం డెథిక్ జాన్ షేక్స్పియరుకును, ఆతని సంతతికిని ఈ లాంఛనము ననుగ్రహించెను. దీని చిత్తుప్రతులు నేటికిని ఆ సంస్థలో భద్రముగ నున్నవి. వానిలో జాన్ పూర్వులు ఏడవ హెన్రీ రాజునకు సేవచేసి బహుమానము పొందిరని వ్రాయబడినది. ఆ సేవకు వేరొక సాక్ష్యము రాజదస్తరములలో దొరకలేదు. స్నిట్టర్‌ఫీల్డు కౌలురైతుల నడుమ అట్టి వీరుని కనుగొనుట కష్టమే. జానుకు 500 పౌనుల విలువగల ఆస్తి కలదనియు ఒక చిత్తులో గలదు. నాలుగేండ్లక్రితము అప్పులవారికి వెరచినవానికి ఇంత ఆస్తి యెక్కడిదని మన మడుగవచ్చును. వంశవర్ణనలలో అతిశయోక్తి మన కృతిపతుల కొక్కరికే చెల్లునది కాదని దీనివలన తేలుచున్నది.

ఇచట ఒక తేదీని జ్ఞప్తియందుంచుకొనవలెను. ఆ సంవత్సరమే ఆగస్టు 11న కవి యేకైక పుత్రుడు హామ్నెట్ స్ట్రాట్‌ఫర్డున ఖననము చేయబడెను. బాలునికి పదునొకండేండ్లు. లాంఛనము సామాన్యముగ పురుషసంతతి ద్వారా దిగివచ్చునది. తాతకును, ఆతని సంతతికిని అని వ్రాసిన పత్రము చేతికి వచ్చుసరికి, దానిని ముందు తరములకు మోయవలసిన మనుమడు మట్టిలో గలిసి రెండు నెలలు దాటినది. తండ్రి మనస్సు నాడెట్లుండెనో తెలుపు లేఖ ఒక్కటియు లేదు. ఊహింపబోము. తేదీలు రెండును ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. అవియే చాలును.

మరుసటి యేడు కవి స్ట్రాట్‌ఫర్డులోని పెద్ద భవనములలో నొకటియగు న్యూ ప్లేసును కొనెను. ఆ యేడే జాన్‌మేరీ దంపతులు కుదువ భూమికొరకు లండను న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. 1599లో మేరీ పుట్టినింటివారగు ఆర్డెనుల లాంఛనమును తమ డాలుపై ప్రక్కన చేర్చుకొనుటకు అనుమతి కోరబడెను. అధికారులు తొలుత పార్కుహాలు ఆర్డెనులను ప్రాచీన ప్రభుకుటుంబపు చిహ్నమును గీచి, తరువాత దానిని కొట్టివేసి, వేరొక ఆర్డెను శాఖ చిహ్నమును ప్రక్కన గీచిరి. విల్మ్‌కోటు రైతుయైన రాబర్టు ఆర్డెను ఆ ప్రభుకుటుంబమువాడని నిరూపించు ఆధారము కొరవడుటయే దీనికి కారణమై యుండవచ్చును. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. ఒకే ఇంటిపేరు గలవారు వేర్వేరు గోత్రములవా రగుట మన మెరుగుదుము. ఇంటిపేరు కలిసినంతమాత్రమున లాంఛనము కలియదు. అది పొందిన వ్యక్తినుండి తరతరములుగ వచ్చిన సంతతిని నిరూపింపవలెను. షేక్స్పియరు కుటుంబమువారు ఆర్డెను చిహ్నమును వాడిన జాడ లేదు. స్మారకమున ఈటె యొక్కటియే నిలిచినది.

ఇంతటితో చిక్కులు తీరలేదు. 1599లోనే కవి మిత్రుడును, పోటీదారుడునగు బెన్ జాన్సన్ తన నాటకమొకదానిలో డబ్బిచ్చి లాంఛనము కొన్న పల్లెటూరి మూఢు నొకనిని ప్రవేశపెట్టెను. వాని డాలుపై పంది బొమ్మ, సూక్తిలో ఆవపిండి ప్రస్తావన! షేక్స్పియరు సూక్తిని చూచియే ఈ చమత్కారము పుట్టినదని పలువురు విమర్శకుల యభిప్రాయము. 1602లో వచ్చిన ముప్పు ఇంతకంటె గట్టిది. కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌లోనే యార్కు పదవియందున్న రాల్ఫు బ్రూకు, డెథిక్ అనర్హులకు లాంఛనము లిచ్చెనని 23 పేర్లతో అభియోగము తెచ్చెను. వానిలో షేక్స్పియరు పేరును గలదు. ఆతడు నటుడు అను మాటయే ఆక్షేపణకు బలముగ జోడింపబడినది. అదిగాక ఈ డాలు మాలే ప్రభువుల డాలును పోలియున్నదనియు ఆక్షేపించిరి. డెథిక్, సుప్రసిద్ధ చరిత్రకారుడగు కామ్డెన్ కలిసి సమాధానము వ్రాసిరి. పట్టీపైనున్న ఈటెయే భేదమును చూపుచున్నదనియు, జాన్ పురమున న్యాయాధికారము నెరపినవాడనియు, ఆర్డెను కుమార్తెను పెండ్లాడినవాడనియు వారి వాదము. లాంఛనము నిలిచినది. వెనుకటి మెట్లన్నియు, చిన్న పదవులతో సహా, ఆనాడు అక్కరకు వచ్చినవి.

ఈ వాదమును వినుటకు జాన్ లేడు. 1601 సెప్టెంబరులోనే ఆతడు మరణించెను. అయిదేండ్లైనను కులీనుడుగా జీవించెను. కవి తమ్ములు ముగ్గురును ఆయనకంటె ముందుగనే గతించిరి. వారి వలనను వంశము నిలువలేదు. 1616 మార్చిలో సంతకము చేసిన మరణశాసనమున షేక్స్పియరు జెంటిల్‌మన్‌గా పేర్కొనబడెను. కులీనతా చిహ్నమైన తన ఖడ్గమును థామస్ కోంబ్ అను యువకునికి వ్రాసియిచ్చెను. కుమారుడున్నచో ఆ ఖడ్గ మెవరికి చెందవలెనో చెప్పనక్కరలేదు. ఆస్తిని సుసన్నాకును, ఆమెకు కలుగబోవు పుత్రులకును చెందునట్లు నిబంధించెను. ఏప్రిల్ 23న మరణించెను. దేవాలయపు ఖనన పట్టికయందును ఆయన పేరు ప్రక్కన కనబడునది ఆ ఒక్క బిరుదమే. కవియనిగాని నాటకకర్తయనిగాని అందు లేదు.

సుసన్నాకు పుత్రులు కలుగలేదు. జూడిత్ కుమారులలో షేక్స్పియరు అను పేరు పెట్టుకొన్న శిశువు 1617లో మరణించెను. తక్కిన యిద్దరును 1639లో గతించిరి. సుసన్నా కుమార్తె ఎలిజబెత్ 1670లో నిస్సంతుగా కన్నుమూయుటతో కవి వంశ మంతరించినది. న్యూ ప్లేసు భవనమును 1759లో అప్పటి యజమాని పడగొట్టించెను.

పరంపరగా వచ్చుటకు ఉద్దేశింపబడిన లాంఛనము ఇట్లు పరంపర లేక నిలిచినది. నటుడని వ్రాసి తక్కువచేసినవాని పేరు నేడు తలచువారు అరుదు. తలచినను ఈ వివాదము మూలముననే. అయినను ఆ డాలు కొరకు షేక్స్పియరు పడిన పాటును చూచి నవ్వుట మనకు తగదు. అప్పులవారికి వెరచి తలుపు మూసుకొన్న తండ్రిని కుమారుడు మరల పెద్దమనిషిగ వీథిలో నడిపించెను. ఆ గోడమీది ఈటెను చూచునపుడు మహాకవితోపాటు స్నిట్టర్‌ఫీల్డునుండి వచ్చిన ఆ చేతితొడుగుల పనివానిని గూడ మన విద్యార్థులకు జ్ఞాపకము చేయుదము.