మితభాషి అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్

మన తెలుగువారిలో మాటల పొదుపరి ఎవరంటే పెద్దలు వెంటనే పి.వి. నరసింహారావు గారి పేరు చెబుతారు. ఎన్నో భాషలు వచ్చిన ఆ మాజీ ప్రధాని, అవసరమైతే తప్ప ఏ భాషలోనూ పెదవి విప్పేవారు కాదని నవ్వుకుంటారు. మనం వచ్చి స్థిరపడిన ఈ అమెరికాలోనూ అలాంటి నాయకుడు ఒకరు ఉండేవారు. ఆయన ఈ దేశపు 30వ అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్. జనం ఆయనకు సైలెంట్ కాల్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఈసారి మన పిల్లలకు ఆయన కథ చెప్పాలనుకున్నాం.

కూలిడ్జ్ 1872 జులై 4న వెర్మాంట్ రాష్ట్రంలోని ప్లిమత్ నాచ్ అనే చిన్న పల్లెటూళ్ళో పుట్టారు. అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాడు పుట్టిన అధ్యక్షుడు ఆయన ఒక్కరే. తండ్రి వ్యవసాయం చేసేవారు, దుకాణం నడిపేవారు, ఊళ్ళో నోటరీగా కూడా ఉండేవారు. కూలిడ్జ్‌కు పన్నెండేళ్ళప్పుడు తల్లి పోయింది. తరువాత కొన్నేళ్ళకు ఒక్కగానొక్క చెల్లెలూ పోయింది. చిన్నప్పుడు ఆయనకు సిగ్గు ఎక్కువ. వంటింట్లో కొత్తవాళ్ళ గొంతు వినిపిస్తే లోపలికి వెళ్ళి పలకరించడానికి హడలిపోయేవారట. అలాంటి కుర్రవాడే 1895లో ఆమ్హెర్స్ట్ కాలేజీలో చదువు ముగించే వేళ, తోటి విద్యార్థులను నవ్వించే ప్రసంగం చేయడానికి ఎన్నికయ్యాడు!

తరువాత నార్తాంప్టన్‌లో లాయరు అయ్యారు. బధిర పిల్లల బడిలో పాఠాలు చెప్పే గ్రేస్ గారిని 1905లో పెళ్ళి చేసుకున్నారు. ఆయన ఎంత ముభావమో ఆవిడ అంత కలుపుగోలు. ఆ ఊరి నగర కౌన్సిలు సభ్యుడిగా మొదలుకొని ఒక్కో మెట్టూ ఎక్కుతూ 1919లో మసాచుసెట్స్ గవర్నరయ్యారు. ఆ ఏడాది సెప్టెంబరులో బోస్టన్ పోలీసులు సమ్మె చేశారు, ఊళ్ళో దోపిడీలు జరిగాయి. మొదట్లో ఏమీ మాట్లాడని కూలిడ్జ్, ప్రజల భద్రతను పణంగా పెట్టి సమ్మె చేసే హక్కు ఎవరికీ, ఎక్కడా, ఎప్పుడూ లేదని ఒక్క తంతిలో తేల్చి చెప్పారు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నట్టు ఆ ఒక్క మాట దేశమంతా పాకింది. మరుసటి ఏడాదే ఆయన ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు.

1923 ఆగస్టు 2 రాత్రి అధ్యక్షుడు హార్డింగ్ హఠాత్తుగా మరణించారు. కూలిడ్జ్ అప్పుడు ప్లిమత్ నాచ్‌లో తండ్రి ఇంట్లో ఉన్నారు. ఆ ఇంట్లో కరెంటు లేదు, ఫోను లేదు. వార్త మనిషి చేత రావలసివచ్చింది. తెల్లవారుజామున 2 గంటల 47 నిమిషాలకు కిరసనాయిలు దీపం వెలుగులో, నోటరీ అయిన తండ్రే కొడుకు చేత అధ్యక్షుడిగా ప్రమాణం చేయించారు. ఆ తరువాత కొత్త అధ్యక్షుడు వెళ్ళి పడుకున్నారు!

ఆయన హాస్యం గురించి దేశమంతా చెప్పుకునే కథ ఒకటుంది. విందులో పక్కన కూర్చున్న ఒకావిడ, ఆయన చేత మూడు మాటలైనా పలికిస్తానని పందెం కాశానని చెప్పిందట. ఆవిడ ఓడిపోయిందని ఆయన రెండే మాటల్లో జవాబిచ్చారట. 1926లో థాంక్స్‌గివింగ్ విందుకు వండుకోమని ఎవరో ఒక రకూన్‌ను పంపితే, దానికి రెబెక్కా అని పేరు పెట్టి వైట్ హౌస్‌లో పెంచుకున్నారు.

ఆ మౌనం వెనుక రాజనీతి ఉంది. తన తరువాత అధ్యక్షుడైన హూవర్‌కు ఆయన ఒక కిటుకు చెప్పారు. కలవడానికి వచ్చేవారిలో పదింట తొమ్మిది మంది ఇవ్వకూడనిది అడగడానికే వస్తారు, కదలక మెదలక కూర్చుంటే మూడు నాలుగు నిమిషాల్లో వాళ్ళే ఆగిపోతారు, దగ్గినా నవ్వినా మళ్ళీ మొదటికొస్తారు అని. మాటల్లాగే ప్రజల డబ్బు కూడా పొదుపుగా ఖర్చు పెట్టారు. ఆయన హయాంలో పన్నులు తగ్గాయి, దేశపు అప్పు సుమారు 2,230 కోట్ల డాలర్ల నుంచి 1,690 కోట్లకు దిగింది. అయితే మాట్లాడవలసిన చోట ఆయన వెనకాడలేదు. ఐదు వందలకు పైగా విలేఖరుల సమావేశాలు పెట్టారు, రేడియోలో ప్రజలతో మాట్లాడారు. నిండుకుండ తొణకదు, కానీ దాహమైనవాడికి నీళ్ళిస్తుంది కదా!

మన పిల్లలకు ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మౌనం అర్ధాంగీకారం అంటారు మన పెద్దలు. 1924 మే 26న ఆయన సంతకం చేసిన వలస చట్టం ఆసియావాసులకు ఈ దేశపు తలుపులు దాదాపు మూసేసింది. మన భారతీయులకైతే 1917 చట్టంతోనే దారి మూసుకుపోయింది. జపాన్ వారిని అవమానించే నిబంధన తనకు నచ్చలేదని కూలిడ్జ్ చెప్పారు, అయినా సంతకం పెట్టారు. ఆ తలుపు 1946లో కాస్త, 1965లో బాగా తెరుచుకున్న తరువాతే మనలో చాలామంది కుటుంబాలు ఇక్కడికి రాగలిగాయి. అన్ని మౌనాలూ గొప్పవి కావు.

అదే ఏడాది జులైలో ఆయన రెండో కొడుకు కాల్విన్, మేజోళ్ళు లేకుండా టెన్నిస్ ఆడి, కాలికి బొబ్బ లేచి, అది విషమించి పదహారేళ్ళకే చనిపోయాడు. అప్పటికి పెన్సిలిన్ ఇంకా కనుగొనలేదు. అధికారంలోని వైభవమంతా ఆ అబ్బాయితోనే పోయిందని ఆ తండ్రి తరువాత రాసుకున్నారు.

1927 ఆగస్టు 2న విలేఖరులను పిలిచి, తలా ఒక చిన్న కాగితం ముక్క చేతిలో పెట్టారు. 1928లో పోటీ చేయదలచుకోలేదని అందులో ఒక్క వాక్యం ఉంది. గెలిచే అవకాశం ఉండగానే అలా తప్పుకున్నారు. 1933 జనవరి 5న నార్తాంప్టన్‌లో కన్నుమూశారు. ఆయన వీలునామా కూడా ఒక్క వాక్యమే!

ఇండియా నుంచి అమ్మమ్మ ఫోను చేస్తే మన పిల్లలు ఊ, ఆ తప్ప ఇంకేమీ అనరు. అది కూలిడ్జ్ మౌనం కాదు. ఆయన దగ్గర మాటలు నిండుగా ఉండేవి, వాటిలోంచి కావలసినవి ఏరుకునేవారు. పిల్లలూ, తక్కువ మాట్లాడాలన్నా ముందు మాటలు మన దగ్గర ఉండాలి. వాటిని పోగుచేసుకోవడానికే వారం వారం మనమందరం ఈ బడిలో కలుసుకుంటున్నాం.