ఓటు అడిగితే ఇల్లు పోయింది: ఫ్యానీ లూ హేమర్ బతుకు

ఓటు హక్కు కాయితం మీద ఉంటే సరిపోదు. ఆ ఓటు వెయ్యపోయేటోని పొయ్యి మీది కుండ ఎవరి చేతుల ఉన్నదో గూడ సూడాలె. అమెరికాల నల్లజాతి హక్కుల పోరాటం అనంగనే మనకు మార్టిన్ లూథర్ కింగ్ యాదికొస్తడు. రావాలె గూడ. కానీ గీ కుండ సంగతిని సొంత బతుకుల నేర్చుకున్న ఆమె ఒకామె ఉన్నది. పేరు ఫ్యానీ లూ హేమర్. పత్తి ఏరే కూలి.

1917 అక్టోబర్ 6న మిసిసిపి రాష్ట్రంల పుట్టింది. 20 మంది పిల్లలల్ల ఆఖరుది. అమ్మ, నాయిన దొర భూమిని పాలుకు చేసేటోళ్లు. భూమి దొరది, సరుకులు దొర దుకాణంల అప్పు, పంట అమ్మినంక లెక్క రాసేది గూడ దొరనే. ఏడాదంత ఒళ్లు వంచి పని చేస్తే ఆఖరికి మిగిలేది మల్లొక అప్పు. ఆరేండ్లప్పుడే ఆమె పత్తి చేన్లకు దిగింది. దుకాణంల తినేటియి ఇప్పిస్తనని ఆశ జూపెట్టి దొర దింపిండు. పోలియోతోని కాలు కుంటినా పదమూడేండ్లకు రోజుకు 200 పౌండ్లకు పైన, అంటే మన లెక్కల 90 కిలోల పైన పత్తి ఏరేది. పత్తి ఏరినోళ్లకు ఎర్క, గది ఎంత కష్టమో. బడి ఆరో తరగతి కాడనే ఆగిపోయింది.

ఒకపారి నాయిన కడుపు కట్టుకొని నాలుగు పైసలు ఎనకేసి, కంచర గాడిదలు, ఆవులు కొన్నడు. ఇగ సొంతంగ సాగు చేసుకుందమనుకున్నడు. ఒక తెల్లాయన రాత్రికి రాత్రి దాణాల విషం కలిపిండు. పశువులన్నీ సచ్చిపోయినయ్. కుటుంబం మల్ల దొర చేన్లకే వచ్చింది. నల్లోడు కూలిగ ఉంటే ఆ రాజ్యానికి ఇబ్బంది లేదు. రైతు అయితెనే కండ్లమంట.

1944ల పెరీ హేమర్‌ను పెండ్లి చేసుకున్నది. సన్‌ఫ్లవర్ కౌంటీల రూల్‌విల్ దగ్గర ఒక పత్తి దొర కింద ఇద్దరు పని చేసిన్రు. చదువు వచ్చు గాబట్టి కూలీలు ఏరిన పత్తి తూకం, వాళ్ల పని లెక్క రాసే పని ఆమెకు అప్పజెప్పిన్రు. 1961ల కడుపుల గడ్డ తీపిచ్చుకుందమని దవాఖానకు పోతే, ఒక్క మాటన్న అడగకుంట గర్భసంచే తీసేసిన్రు. ఆ కాలంల అక్కడ ఎందరో పేద నల్లజాతి ఆడోళ్లకు గిట్లనే చేసిన్రు. ఆమె ఎవరి మీద కేసు పెట్టాలె? వకీలు వాళ్లోడే, జడ్జి వాళ్లోడే.

సన్‌ఫ్లవర్ కౌంటీ జనాభాల సగానికంటె ఎక్కువ నల్లోళ్లే. అయినా ఓటరు లిస్టుల వాళ్ల పేర్లు ఏళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఎందుకంటే ఓటు కావాలంటే పరీక్ష రాయాలె. రాష్ట్ర రాజ్యాంగంల ఒక ముక్క తీసి దానికి అర్థం రాయిమంటరు. రాసింది ఒప్పో తప్పో చెప్పేటోడు తెల్ల అధికారి. పైనుంచి ఎక్కడ పని చేస్తున్నవో రాయాలె. దరఖాస్తు పెట్టినోళ్ల పేర్లు పేపర్ల అచ్చేస్తరు. అంటే రేపు ఎవని కొలువు పీకాలెనో దొరలకు లిస్టు తయారన్నట్టు.

1962 ఆగస్టుల రూల్‌విల్ చర్చిల స్నిక్ అనే విద్యార్థి సంఘం మీటింగ్ పెట్టింది. నల్లోళ్లకు గూడ ఓటు హక్కు ఉన్నదని ఆమెకు తెలిసింది ఆ రోజే. అప్పటికి వయసు 44. ఆగస్టు 31న ఇంకో 17 మందితోని పాత బస్సుల ఇండియనోలా కోర్టుకు పోయింది. పరీక్షల పాసు కాలేదు. కాయితం మీద లేకున్నా అమల్ల ఉండే చట్టాల గురించి రాయిమన్నరు. చేన్ల పత్తి ఏరేటామెకు గిసొంటి ప్రశ్న! ఎనకకు వస్తుంటే పోలీసులు బస్సు ఆపిన్రు. బస్సు రంగు బడి బస్సు లెక్క మరీ పసుపు పచ్చగ ఉన్నదని డ్రైవర్‌కు జుర్మానా. 100 డాలర్లని మొదలుపెట్టి 30కి దిగిన్రు. అందరు జేబులు దులిపి కట్టిన్రు. బస్సుల జనం భయంతోని బిగుసుకపోతే, ఆమె చర్చి పాటలు అందుకున్నది. కష్టంల పాట మనిషిని ఎట్ల నిలబెడ్తదో తెలంగాణోళ్లకు ఒకరు చెప్పాల్నా?

ఇంటికి వచ్చేసరికి కబురు దొర చెవుల పడ్డది. పేరు వాపసు తీసుకో, లేకుంటే ఇల్లు విడిసి పో అన్నడు. నేను నా కోసం పోయిన గని నీ కోసం పోలేదని ఆమె మొఖం మీదనే చెప్పి, ఆ రాత్రే బయటికి వచ్చింది. 18 ఏండ్లు చాకిరి చేసిన జాగ అది. పత్తి తీసుడు అయిపోయే దాంక భర్త ఆడనే ఉండాల్సి వచ్చింది. పది రోజులకు ఆమె తలదాచుకున్న ఇంటి మీద 16 తూటాలు పేల్చిన్రు. ఆమె బెదరలేదు. 1963 జనవరిల మల్ల పరీక్ష రాసి పాసైంది. అయినా ఆ ఏడాది ఓటు పడలేదు. రెండేండ్ల ఓటు పన్ను రసీదులు కావాల్నన్నరు.

1963 జూన్ 9న ట్రైనింగ్ నుంచి వస్తుంటే వినోనా ఊర్ల బస్సు స్టేషన్ కాడ పోలీసులు ఆమె జట్టును పట్టుకున్నరు. ఠాణాల పోలీసులు ఇద్దరు నల్ల ఖైదీల చేతికి లాఠీ ఇచ్చి కొట్టిపిచ్చిన్రు. కిడ్నీ దెబ్బతిన్నది, కంటి చూపు మందగించింది. బతికినన్ని రోజులు ఆ నొప్పి పోలేదు. విడిచిపెట్టిన రోజునే జాక్సన్‌ల ఉద్యమ నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను కాల్చి చంపిన్రు. ఆ పోలీసుల మీద కేసు నడిసింది. అందరు తెల్లోళ్లే ఉన్న జ్యూరీ వాళ్లకు ఏ తప్పు లేదని తేల్చింది.

1964 ఆగస్టుల డెమొక్రటిక్ పార్టీ మహాసభ అట్లాంటిక్ సిటీల జరిగింది. మిసిసిపి నుంచి వచ్చినోళ్లంత తెల్లోళ్లే. వాళ్లకు పోటీగ హేమర్, ఆమె తోటోళ్లు సొంతంగ ఫ్రీడమ్ డెమొక్రటిక్ పార్టీ పెట్టుకొని, అసలు ప్రతినిధులం మేమేనని పోయిన్రు. కమిటీ ముంగట ఆమె తన ఇల్లు పోయిన సంగతి, జైల్ల తిన్న దెబ్బల సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. టీవీలల్ల వస్తుంటే ప్రెసిడెంట్ జాన్సన్‌కు గుబులు పుట్టింది. అప్పటికప్పుడు తనే మీడియా ముంగటికి వచ్చిండు. కెమెరాలు ఆయన దిక్కు తిరిగినయ్. కానీ రాత్రి అవే చానళ్లు ఆమె మాటలను దేశమంత చూపెట్టినయ్.

ఆ జాన్సనే నెల కింద పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టిండు. అయినా దక్షిణాది తెల్ల ఓట్లు పోతయని భయం. అందుకే ఆఖరికి రెండు సీట్లు ఇస్తమన్నరు. ఆ ఇద్దరు ఎవరో గూడ వాళ్లే తేల్చిన్రు. పెద్ద పెద్ద నాయకులు సర్దుకపోండ్రి అన్నరు. హేమర్ ఒప్పుకోలేదు. అంత దూరం వచ్చింది రెండు కుర్చీల కోసం కాదని తేల్చి చెప్పింది. ఆమె మొండితనం ఉత్తగ పోలేదు. 1965ల ఓటు హక్కు చట్టం వచ్చింది. అంతకు ముందు మిసిసిపిల నల్లోళ్లల్ల నూటికి ఏడుగురు గూడ ఓటర్లు కారు. రెండేండ్లకు అది 60కి దగ్గరైంది. 1968ల షికాగో మహాసభల ఆమె ప్రతినిధిగ కూసుంటుంటే సభ లేసి చప్పట్లు కొట్టింది.

మామూలుగ కథలు గీడనే ఆపుతరు. ఆమె ఆగలేదు. అప్పటికే పత్తి ఏరే మిషన్లు వచ్చి కూలీల నోటికాడి బువ్వ గుంజుకుంటున్నయ్. చేతిల ఓటు ఉన్నది, కడుపుల కూడు లేదు. ఇంట్ల తిండి ఉన్నోన్ని ఎవడూ ఓటు కోసం బెదిరియ్యలేడని ఆమెకు ఎర్క. 1969ల 40 ఎకరాలతోని ఫ్రీడమ్ ఫార్మ్ అని సహకార సాగు మొదలుపెట్టింది. తర్వాత అది 600 ఎకరాలు దాటింది. కూరగాయలు పండిచ్చి పేదోళ్లకు పంచిన్రు. ఇంటికో ఆడ పందిని ఇచ్చేది. అది ఈనినంక కొన్ని పిల్లలు వాపసు ఇస్తే, అవి ఇంకో ఇంటికి పోయేటియి. బ్యాంకు లేనోళ్లకు గదే బ్యాంకు.

అది నిలబడలేదు. ప్రకృతి తిప్పలు వెట్టింది, పైసలు ఆగిపోయినయ్, ఆమె ఆరోగ్యం గూడ చెడ్డది. భూమి చేజారింది. 1977 మార్చి 14న 59 ఏండ్లకే పానం పోయింది. అంత్యక్రియలకు ఐక్యరాజ్యసమితిల అమెరికా రాయబారి ఆండ్రూ యంగ్ వచ్చి మాట్లాడిండు.

ఓటు గెలిచింది గని భూమి గెలువలేదు. ఆమెను తలుసుకునేటోళ్లు మొదటిది చెప్పి రెండోది మరిసిపోతరు. గట్ల మరిసిపోతే ఆమెను సగమే తలుసుకున్నట్టు. కూడు పెట్టే చెయ్యి ఇంకొకనిదైతే ఓటేసే చెయ్యి వణుకుతదని ఆమె బతుకంత చెప్పింది గదే.